ఎలుగుకు ఆశ్రయం దొరికింది, ఎలుగువారికో?

బెంగళూరు చేరువన బన్నేరుఘట్టలో ఎలుగుబంట్ల సంరక్షణ కేంద్రమొకటి ఉన్నది. వైల్డ్‌లైఫ్ ఎస్.ఓ.ఎస్. అనే సంస్థ కర్ణాటక అటవీశాఖతో కలిసి దానిని 2005లో నెలకొల్పింది. బెంగళూరు విహారయాత్రకు వెళ్లే మన విద్యార్థులు ఆ కేంద్రాన్ని వినోదస్థలమని తలచి వెళ్లరాదు. అక్కడి గుడ్డెలుగుల ముట్టెలను కాస్త నిదానించి చూడాలి. చెదపుట్టను గోళ్లతో చీల్చి, ముక్కు రంధ్రాలు మూసుకొని, పైవరుస ముందుపళ్లు రెండు లేని సందుగుండా చెదలను లోనికి పీల్చుకొనే జంతువది. దానికి ముట్టెయే జీవనాధారం. ఆ ముట్టెనే కాల్చిన ఇనుపసూదితో తొలిచి తాడు గుచ్చారు, కోరలు పెరికారు. తల్లిని చంపి పసికూనగా తెచ్చిన ఎలుగుకు అడవి బ్రతుకు తెలియదు గనుక, తిరిగి అడవిలో వదలడానికీ వీలులేదు.

ఈ పాపం ఆడించినవానిది మాత్రమేనా? మన గుంటూరు, ప్రకాశం పల్లెలలో కల్లాలలో మిరపకాయలు ఎండుతూ, పత్తి అమ్మిన డబ్బు చేతిలో ఆడే రోజులలో ఎలుగువాడు వస్తే వీధివీధి ఎదురేగేది. జడుసుకున్న బిడ్డను ఎలుగు వీపున కూర్చోబెట్టిన తల్లులూ, దాని వెంట్రుకను తాయెత్తులో కట్టించుకున్నవారూ అన్ని మతాలలోను ఉన్నారు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1998లో ఎలుగులను ఆడించరాదని కేంద్రం ఇచ్చిన ప్రకటన, 2001లో సుప్రీంకోర్టు దానిని సమర్థించడం, వీటి తరువాత ఆట క్రమంగా నిలిచిపోయింది. రాజు అనే చివరి ఆటఎలుగు 2009 డిసెంబరులో బన్నేరుఘట్ట చేరింది. దేశంలో ఆరువందలకు పైగా ఎలుగులు ఇట్లు విముక్తి పొందాయి. పేద ముస్లిముల పొట్టకొట్టడానికే ఈ నిషేధమని మనలో కొందరంటారు. నేను అంగీకరించను. మూగజీవి నెత్తురుతో నడిచే వృత్తి ఎవరిదైనా ఆగవలసినదే.

కాని ఎలుగుతో పాటు నడిచిన మనిషి సంగతి ఏమైంది? ఉత్తరాదిని ఇతనిని ఖలందరు అంటారు. ఫారసీ, ఉర్దూ కవులకు ఖలందరనగా సర్వసంగ పరిత్యాగియైన ఫకీరు. మన వీధులలో మాత్రం అది బిచ్చగాని పేరైంది. 2007లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వెనుకబడిన ముస్లిం తెగలకు నాలుగు శాతం రిజర్వేషన్ కల్పిస్తూ చేసిన చట్టంలో ‘గుడ్డి ఎలుగువాళ్లు, ఎలుగుబంటువాళ్లు’ అని వీరి పేరున్నది. (గుడ్డెలుగు ‘గుడ్డి ఎలుగు’ ఎట్లయిందో ఆ వ్రాసినవారికే ఎరుక!) 2010లో హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేయగా, సుప్రీంకోర్టు మధ్యంతరోత్తర్వుతో రిజర్వేషన్ నిలిచింది. ఎలుగు పోయినా, ప్రభుత్వ పత్రాలలో ఆ తెగకు ఎలుగు పేరే మిగిలింది.

ఎలుగును అప్పగించిన కుటుంబానికి వేరొక వృత్తికి పెట్టుబడి ఇచ్చి, పిల్లలను బడికి పంపే పద్ధతిని పైన చెప్పిన సంస్థ పాటించింది. మెచ్చదగిన పని. అయితే అంతకుముందే ఎలుగు చచ్చి, ఆట మాని, చేతిలో ఉత్త కర్ర మిగిలినవాడు ఎవరికి ఏమి అప్పగించగలడు? అతనికి ఆధారం ఆ రిజర్వేషన్ ఒక్కటే. దానికి కులధ్రువపత్రం కావాలి. ఆ పత్రానికి నివాసం చూపాలి, తండ్రి కాగితాలు చూపాలి. తరతరాలుగా ఊరూరా తిరిగిన కుటుంబం తన ఊరని ఏ ఊరి పేరు వ్రాస్తుంది? మనవంటి మైనారిటీ కళాశాలలు కూడా ధ్రువపత్రం తెచ్చినవానిని చేర్చుకుంటున్నవే గాని, తేలేనివాడు ఎక్కడ ఆగిపోయాడని విచారించడం లేదు.

రాగల జూన్‌లో ప్రవేశాలు మొదలు కాకముందే తెలుగు, ఉర్దూ శాఖల విద్యార్థులు ఇద్దరిద్దరుగా ఈ కుటుంబాలున్న పేటలకు వెళ్లాలని నా సూచన. పదవ తరగతి దాటిన పిల్లలెవరో పేర్లు వ్రాసుకొని, దరఖాస్తులు నింపి, తండ్రులను వెంటబెట్టుకొని మండల కార్యాలయానికి నడవాలి. రానుపోను బస్సు ఛార్జీలు అధ్యాపకుల సంఘం భరించగలదు.