అడగందే అమ్మయినా పెట్టదు, నిజమే కానీ...

మొన్న సంక్రాంతికి మా మేనల్లుడు వచ్చాడు. పగలల్లా ఆఫీసు చాకిరీ చేసే కుర్రాడు, పండక్కి వచ్చి కూడా రాత్రి పదకొండింటికి కంప్యూటరు ముందేసుకుని కూర్చున్నాడు.

"పండగపూట కూడా ఏమిట్రా ఆ పని? ఓవర్‌టైమేమైనా ఇస్తారా?" అన్నాను.

"పైసా ఇవ్వరత్తా" అని నవ్వాడు.

సంగతేమిటంటే, డెబియన్ అని ఒకటుంది. 1993లో మొదలైంది. కంప్యూటరుని నడిపించే సాఫ్ట్‌వేరుని ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. ఎవరో ఎక్కడో రాసిన ప్రోగ్రాముని తెచ్చి, మిగతావాటితో సర్దుకుపోయేలా కుదిర్చి, ప్యాకేజీగా కట్టిపెట్టే వాలంటీర్లు దేశదేశాల్లో ఉన్నారు. మావాడు వాళ్ళలో ఒకడు. నేను నవలలు టైపు చేసుకునే లిబ్రే ఆఫీసు కూడా అలాంటివాళ్ళ చేతులమీదుగా నా కంప్యూటర్లోకి వచ్చిందేనట.

"అన్నట్టు, దాని కొత్త వెర్షన్ వచ్చిందటగా! నాకింకా రాలేదేం? మీవాళ్ళకి కాస్త గట్టిగా చెప్పరాదూ?" అన్నాను.

వాడు మాట్లాడకుండా కంప్యూటరు నావైపు తిప్పాడు. ముక్కూ మొహం తెలియని పెద్దమనిషెవరో వాడికి రాశాడు. కొత్త వెర్షన్ వచ్చి మూడు వారాలైంది, నిద్రపోతున్నారా, చేతకాకపోతే ఇంకొకరికి అప్పగించి తప్పుకోండి, అని. ఆ ఉత్తరం వచ్చిన రోజు వాడి కూతురికి 103 డిగ్రీల జ్వరం.

నాకు ఒళ్ళు మండిపోయింది. మరుక్షణం సిగ్గూ వేసింది. ఇప్పుడు నేనన్నదీ అదేగా!

"అడగందే అమ్మయినా పెట్టదు. అడిగితే తప్పా?" అంటారు కొందరు. అడగడం తప్పని ఎవరన్నారు? అడిగే తీరు సంగతి నేను చెప్పేది. మనం పొయ్యి దగ్గర ఉడికిపోతుంటే, హాల్లో పేపరు చదువుకుంటూ "ఇంకా కాలేదా?" అన్న కేక ఎలా గుచ్చుకుంటుందో మనకి ఒకరు చెప్పాలా? జీతం లేని చాకిరీ, మెప్పు లేని పని, ఆలస్యమైతే మాత్రం అక్షింతలు. ఇది మనకు తెలియని కథేం కాదు. అందుకే, మనం కూడా ఆ కేక వేయకూడదంటాను.

ఓ మాటంటే కొంపలేం మునుగుతాయంటారా? వినండి. ఎక్స్‌జెడ్ అని ఫైళ్ళను కుదించే చిన్న ప్రోగ్రాము ఉంది. లెక్కలేనన్ని సర్వర్లు దాని మీద ఆధారపడ్డాయి. ఏళ్ళ తరబడి దాన్ని చూసుకున్నది దాదాపు ఒకే ఒక్క మనిషి. 2022లో ఎవరెవరో కొత్త పేర్లతో వచ్చి, ఆలస్యమవుతోంది, ఇంకొకరికి అప్పగించండి అని ఆయన్ని సాధించారు. తన మనసు బాగుండటం లేదనీ, ఇది జీతం లేని పని అనీ పాపం ఆయన చెప్పుకున్నాడు. ఆ రోజుల్లోనే ఎంతో వినయంగా సాయం చేస్తూ వచ్చిన ఒక అపరిచితుడి చేతికి మెల్లగా తాళాలు చిక్కాయి. 2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో వచ్చిన రెండు వెర్షన్లలో అతగాడు దొంగదారి పెట్టేశాడు. ఆ కొత్త వెర్షన్‌ని వెంటనే చేర్చుకోండంటూ డెబియన్‌కి విన్నపాలు కూడా వెళ్ళాయి! లాగిన్ అవడానికి అర సెకను ఆలస్యమవుతోందేమిటా అని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఆరా తీసి, మార్చి 29న గుట్టు బయటపెట్టాడు కనుక సరిపోయింది.

ఆ సాధించినవాళ్ళు దొంగకి తోడుదొంగలని చాలామంది అనుమానం. కావచ్చు. కానీ వాళ్ళ మాటతీరు అప్పట్లో ఎవరికీ వింతగా తోచలేదంటే, మామూలు మనుషులు రోజూ ఎలా మాట్లాడుతున్నట్టు?

ఇంతకీ ఎలా అడగాలి? మావాణ్ణే అడిగాను. ఆ మాట ఇంతకుముందే ఎవరైనా చెప్పారేమో చూడాలట. కొత్తది ఎందుకు కావాలో, దాంతో ఏ లోపం పోతుందో చెప్పాలట. చేతనైతే పరీక్షించి చూసి, సవరణ కూడా రాసి పంపితే మరీ మంచిది. భద్రతకి సంబంధించిన లోపమైతే వీధిలో అరవకుండా, అందుకోసమున్న బృందానికి చెప్పాలి. జవాబు రాకపోతే కొన్ని వారాలు ఆగి, ఒక్కసారి గుర్తుచెయ్యాలి. ఇంకో సంగతి. డెబియన్‌లో స్థిరమైన విడుదల సుమారు రెండేళ్ళకోసారి వస్తుంది. 2023 జూన్‌లో ఒకటి, 2025 ఆగస్టులో ఒకటి వచ్చాయి. మధ్యలో సాధారణంగా లోపాలు సరిచేస్తారే తప్ప కొత్త వెర్షన్లు చేర్చరు. అది బద్ధకం కాదు, నియమం. నేను బద్ధకమనుకున్నాను!

"చూసుకోలేనివాడు పట్టుకు వేళ్ళాడటం దేనికి?" అని ఇంకో వాదన. సాయం కావాలని అడగడానికీ, పూర్తిగా వదులుకోవడానికీ డెబియన్‌లో పద్ధతులున్నాయి. వాటికి తిట్లు అక్కర్లేదు.

ఆ రాత్రి లిబ్రే ఆఫీసు ప్యాకేజీ చూసేవాళ్ళకి మావాడి చేత ఇంగ్లీషులో ఓ ఉత్తరం రాయించాను. కొత్త వెర్షన్ ఊసెత్తలేదు. మీ ధర్మమా అని నా నవలలు పూర్తవుతున్నాయి, సంతోషం, అన్నాను, అంతే.

పంపించేసి, "మరి నాకేదత్తా?" అన్నాడు వాడు.

చూశారా! అడగందే అత్తయినా పెట్టలేదు.