ఏ పామో తెలియకపోయినా వెంటనే రండి



పాముకాటు రోగి రాగానే "ఏ పాము కరిచింది?" అని మేము అడుగుతాము. "చీకట్లో కనబడలేదు సిస్టరమ్మా" అనే జవాబే ఎక్కువగా వస్తుంది. కొందరు పామును వెతికి, చంపి, సంచిలో వేసుకుని వస్తారు. ఈలోగా విలువైన సమయం పోతుంది.

ఈ ప్రశ్నకు కాంతి జవాబు చెప్పగలదని శాస్త్రజ్ఞులు అంటున్నారు. విషంపై లేజరు కాంతి వేస్తే, తిరిగివచ్చే వెలుగులో అతి కొద్ది భాగం రంగు మారుతుంది. ఆ మార్పు విషంలోని పదార్థాలను బట్టి ఉంటుంది. నాగుపాము, కట్లపాముల విషం ముఖ్యంగా నరాలను దెబ్బతీస్తుంది. పింజరల విషం రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. పదార్థాలు వేరు గనుక వెలుగు చూపే గుర్తులూ వేరు. చిన్నతనంలో విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్ గారు 1928లో కనుగొని, 1930లో నోబెల్ బహుమతి పొందినది ఈ కాంతి ధర్మానికే.

ఇది వస్తే మేము సంతోషిస్తాము. కట్లపాము నిద్రలో కరిస్తే గాటు కూడా కనబడదు. కడుపునొప్పి అని వచ్చే అలాంటి రోగికి ఈ పరీక్ష ప్రాణదానమే. కాని ప్రయోగశాలలో కోరల నుండి తీసిన విషం వేరు, రోగి రక్తంలో కలిసిపోయిన లవలేశం వేరు. అందుకే మా అభిప్రాయం ఇది: ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ముందు విరుగుడు మందు, దానిని ఎక్కించడం తెలిసిన నర్సు ఉండాలి. యంత్రం ఆ తరువాత. 2000 నుండి 2019 వరకు మన దేశంలో సుమారు 12 లక్షల మంది పాముకాటుతో చనిపోయారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. వారిలో ఎక్కువమంది పల్లెవారే.

యంత్రం లేదని చికిత్స ఆగదు. మన విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ పనిచేస్తుంది. కొద్దిగా రక్తాన్ని పొడి గాజు గొట్టంలో 20 నిమిషాలు కదపకుండా ఉంచుతాము. గడ్డకట్టకపోతే పింజర విషమని అనుమానిస్తాము. రెప్పలు వాలినా, ఊపిరి కష్టమైనా నరాల విషమని గ్రహిస్తాము.

కనుక మా మనవి. పామును వెతకవద్దు. గాటును కోయవద్దు, తాడు బిగించవద్దు, మంత్రగాని దగ్గర ఆగవద్దు. కరిచిన కాలు లేక చేయి కదపకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి వెంటనే బయలుదేరండి. పాము పేరు చెప్పలేకపోయినా ఫరవాలేదు. ఎన్ని గంటలకు కరిచిందో చెప్పండి, మాకు అది చాలా ముఖ్యం.