ఫ్లెక్సీ మీద చాంపియన్ సరే.. మెస్‌లో గుడ్డు ఉందా?

పోయిన ఎండాకాలం నిజామాబాద్‌లోని ఓ డిగ్రీ కాలేజీ నుంచి ఫోన్. ‘స్పోర్ట్స్ పిల్లలు మన దగ్గర చేరాలె. మంచిగ ఒక పోస్టర్, ఒక రీల్ చెయ్యి తమ్మీ’ అన్నారు. డిజైన్ పని నా బువ్వ కదా, వెంటనే లాప్‌టాప్ తెరిచా. మొదట ఏం పెట్టానో మీకు తెలుసు. నిఖత్ జరీన్ ఫొటో!

మన ఊరి బిడ్డ. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్. పక్కనే మన ఇంకో బాక్సర్ హుసాముద్దీన్. 2018, 2022 కామన్వెల్త్ గేమ్స్‌లో కాంస్యాలు. కింద పెద్దక్షరాల్లో ‘రేపు నువ్వే!’ సార్లు ఖుష్.

రీల్ కోసం బోధన్ వెళ్లా. 2015 డిసెంబర్‌లో చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక శక్కర్‌నగర్‌లో సైరన్ లేదు కానీ, సాయంత్రమైతే పిల్లల కబడ్డీ కూత మాత్రం వినిపిస్తుంది. ఇంటర్ అయిపోయిన ఓ అమ్మాయికి ఫోన్‌లో పోస్టర్ చూపించా. రెండు వేళ్లతో జూమ్ చేసి ఏదో వెతుకుతోంది.

‘‘ఏం చూస్తున్నవ్ చెల్లె?’’

‘‘ఈ అక్క మీ కాలేజీల చదివిందా అన్నా?’’

లేదన్నా. ఫొటో వాడుకోవడానికి ఆమెను అడిగామా? అదీ లేదు. ఇక మొదలుపెట్టింది. ‘‘కోచ్ రోజూ వస్తడా? ఆడపిల్లలకు హాస్టల్ ఉన్నదా? మెస్‌ల గుడ్డు పెడ్తరా? టోర్నమెంట్‌కు పోతే అటెండెన్స్ పోతదా? మోకాలు పోతే దవాఖాన ఖర్చు ఎవరిది?’’

ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. ఆఖరికి మెల్లగా అంది: ‘‘మా బాపు ఒక్కసారే పంపిస్త అన్నడు. తప్పు కాలేజీల పడ్తే ఆట బంద్ అన్నా.’’

తిరుగు బస్సులో రెండు చాంపియన్ల ఫొటోలూ తీసేశా. మర్నాడు ఆ ఐదు ప్రశ్నలూ పట్టుకుని కాలేజీకి వెళ్లా. పీడీ సార్ రోజూ పొద్దున్నే గ్రౌండ్‌లో ఉంటారు. అది నిజం. టోర్నమెంట్ రోజులకు అటెండెన్స్ ఇస్తామని ప్రిన్సిపాల్ గారు కాగితం మీద సంతకం పెట్టారు. దవాఖాన ఖర్చు సంగతి ‘చూద్దాం’ దగ్గరే ఆగింది. అమ్మాయిలకు హాస్టలే లేదు, ఇక గుడ్డెక్కడిది?

అదే రాశా. ‘‘లేదని ఎవడన్న పోస్టర్ మీద రాసుకుంటడా?’’ అని ఓ సార్ గరం. నిజమే, చౌరస్తాలో నా పోస్టర్ పడలేదు. చాంపియన్ ఫొటోలతో ఫ్లెక్సీనే కట్టారు. నా ఐదు జవాబుల కాగితాన్ని మాత్రం పీడీ సార్ వాట్సాప్‌లో పంపించారు.

జులైలో ఆ చెల్లె మెసేజ్: ‘అన్నా, హాస్టల్ ఉన్న వేరే కాలేజీల చేరిన. మీ పేపర్ చూపెట్టి ఆ ఐదు ప్రశ్నలు ఆళ్లను గూడ అడిగిన.’

మా కాలేజీకి ఒక అడ్మిషన్ పోయింది. కానీ నేను చేసిన పోస్టర్లన్నింటిలో పని చేసింది ఇదొక్కటే అనిపిస్తుంది. రోజూ బోధన్ నుంచి పాతిక కిలోమీటర్లు పోయి, పాతిక కిలోమీటర్లు వచ్చి, ఆ అలసటతో ఆమె ఎన్నాళ్లు ఆడేది?

దోస్త్‌లో ఆప్షన్లు పెట్టుకునే ఆట పిల్లలూ, ఫ్లెక్సీ మీద ఎవరున్నారో చూడకండి. ఆ ఐదు ప్రశ్నలూ అడగండి. జవాబు కాగితం మీద ఇమ్మనండి. ఇచ్చిన కాలేజీయే మీ కాలేజీ.