ధర్మాసుపత్రి యను మాట

మన యిండ్లలో నేటికిని ప్రభుత్వ వైద్యశాలకు "ధర్మాసుపత్రి" యనియే పేరు. పెద్దలు పెట్టిన పేరు గనుక దాని నెవ్వరును తప్పుపట్టరు. నేను మాత్ర మీ వ్యాసమున ఆ మాటతోనే తగవు పెట్టుకొనదలచితిని. ధర్మమనగా ఇచ్చువాని యిష్టము. ఇచ్చినంత పుచ్చుకొని దండము పెట్టి పోవలసినదే గాని పుచ్చుకొనువాడు లెక్క యడుగరాదు. సత్రములో పప్పు పలుచనైనదని బాటసారి తగవులాడునా? అట్లే ధర్మాసుపత్రిలో మందు లేదన్న లేదు, మంచము లేదన్న నేలయే గతి. ఒక్క మాట యింత పని చేయునా యని చదువరులు నవ్వవచ్చును. కావున మా యింట జరిగినది చెప్పెదను.

మా యింట అంట్లు తోము నామెకు ఏబది యేండ్లుండును. చక్కెరవ్యాధియు రక్తపుపోటును కలవు. పదునైదు దినముల కొకమారు ప్రభుత్వాసుపత్రికి పోయి మాత్రలు తెచ్చుకొనును. పోయిన దినమున పనికి రాదు. నాలుగిండ్లలో పనిచేయును గనుక నాలుగిండ్లవారును ఆనాడు సణుగుకొందురు. నేనును సణిగితిని. ఒకనాడామె వచ్చి ఒక చిన్న చీటి నా చేతి కిచ్చినది. మూడు మందుల పేర్లు వ్రాసి రెండింటి క్రింద గీత గీసియున్నది. "ఇవి లేవంటమ్మా, బయట కొనుక్కోమన్నారు" అన్నది. ఎప్పటినుండి లేవని యడిగితిని. సంక్రాంతి మొదలుగా లేవట. అప్పటికి ఉగాది దాటినది. ఈ నెలలన్నియు ఏమి చేసితివనగా, దొరకిన మాత్రను మాత్రము మ్రింగుచున్నదట. చేత డబ్బున్న వారమున రెండవది కొన్నదట. మూడవదాని మాట మరచిపోయినదట. "ఎందుకు లేవని నువ్వు అడగలేదా?" యంటిని. ఆమె నావైపు వింతగా చూచి, "ధర్మానికిచ్చేది అడుగుతామా అమ్మా!" యన్నది.

అది ధర్మము కాదని ఆమెకు చెప్పవలసినవారము మనము. ఆమె కొను సబ్బుబిళ్ళలో పన్ను కలదు. కొడుకుతో మాటలాడుటకై సెల్‌ఫోనున కెక్కించుకొను రీచార్జిలో పన్ను కలదు. ఆదాయపుపన్ను కట్టుచున్నామని మనము మీసము దువ్వుకొనుచుండగా, ఆమె తెలియకయే దినదినమును కట్టుచున్నది. ఆ సొమ్ముతో కొన్న మాత్ర ఆమెది. రాజ్యాంగపు 47వ అధికరణము ప్రజారోగ్యమును మెరుగుపరచుట ప్రభుత్వపు ప్రథమ కర్తవ్యములలో నొకటిగా చెప్పినది. 1992లో పశ్చిమ బెంగాలున రైలునుండి పడి తలకు దెబ్బతగిలిన యొక కూలివానిని ఒకటి తరువాత నొకటిగా ప్రభుత్వ వైద్యశాలలు మంచము లేదనియు, సాధనములు లేవనియు త్రిప్పి పంపగా, తుదకాతడు ప్రైవేటు ఆసుపత్రిలో ఖర్చుపెట్టుకొని బ్రతికెను. ఆ వ్యాజ్యము సుప్రీముకోర్టునకు పోగా 1996లో న్యాయమూర్తులు తేల్చిచెప్పిరి: అత్యవసర చికిత్స నిరాకరించుట జీవించు హక్కునకు భంగము, ధనము లేదనుట ప్రభుత్వమునకు సాకు కాజాలదు అని. ఆతనికి నష్టపరిహారము నిప్పించిరి. ధర్మమే యైనచో నష్టపరిహార మేల?

ఈ మాట క్రొత్తది కాదు. 1943లో నియమింపబడిన భోర్ సంఘము 1946లో తన నివేదిక నిచ్చుచు, డబ్బు చెల్లింపలేని కారణమున ఏ యొక్కనికిని తగిన వైద్యము దొరకకపోరాదని మూలసూత్రముగా నిలిపినది. పరాయి ప్రభుత్వమువారి దినములలోనే మన ఆంధ్ర జిల్లాలకు కూడ వర్తించునట్లు 1939లో మద్రాసు ప్రజారోగ్య చట్టము వచ్చినది. నీరు, మురుగు, అంటువ్యాధులు, తిండిపదార్థములు, వీని యన్నిటిమీదను అధికారికి బాధ్యతయు, బాధ్యతకు తగిన అధికారమును అందు వ్రాసిరి. అప్పుడు కొరత ధనమునకు. ఇప్పుడు ధనముకంటె ఎక్కువ కొరత మరొకదానికి కలదు. దానిని గూర్చియే నా మొర.

2007లో అవిభక్త ఆంధ్రప్రదేశమున ఆరోగ్యశ్రీ మొదలైనది. తొలుత మహబూబునగరు, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో ప్రారంభించి క్రమముగా రాష్ట్రమంతటికి వ్యాపింపజేసిరి. దానిని నేను నిందింపను. అంతకు పూర్వము బిడ్డ గుండెకు చిల్లి యున్నదని తెలిసిన తల్లిదండ్రులు ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీ పట్టుకొని శాసనసభ్యుని వాకిట కాచుకొనవలసి వచ్చెడిది. ఆ యవమానమును తొలగించిన పథకమునకు చేయెత్తి నమస్కరింపవలసినదే. పొలమమ్మకుండ బిడ్డను దక్కించుకొన్నవారిని నేనెరుగుదును. అయినను, ఉపకారము పొందితిమి గనుక విచారింపరాదనుట మరల ధర్మాసుపత్రి బుద్ధియే.

విచారింపగా ఏమి కనబడుచున్నది? ఈ పథకము ప్రధానముగా ఆసుపత్రిలో చేరి చేయించుకొను పెద్ద చికిత్సలకు ఏర్పడినది. మా పనియామె మ్రింగవలసిన రూపాయి మాత్రకు అందు చోటు లేదు. ఆ మాత్ర లేక పదియేండ్లకు మూత్రపిండములు చెడినచో, అప్పుడామెకు పథకము వర్తించును! మాత్రకు లేని సొమ్ము యంత్రమునకు కలదు. 2021–22 జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారము దేశమున వైద్యమునకగు ఖర్చులో నూటికి 39 రూపాయలకు పైగా ప్రజలు తమ జేబునుండియే పెట్టుకొనుచున్నారు. ఆ జేబుఖర్చులో మందులకును, చేరకుండ చేయించుకొను చికిత్సకును పోవునదే పెద్దపాలు. జ్వరములు, దగ్గులు, చక్కెర, రక్తపుపోటు: పేదయింటిని నెలనెలయు తినునవి యివి. వీని నూరక విడిచి మనవారు పరిమితిని పెంచుటయందు పోటీపడిరి. 2 లక్షలతో మొదలైనది. 2023 డిసెంబరులో తెలంగాణమున 10 లక్షలు, అదే నెలలో ఆంధ్రప్రదేశమున 25 లక్షలు. వేలముపాట విన్నట్లున్నది. పెంచినది కాగితముపై పరిమితి, చెల్లింపవలసిన బకాయిలో? 2024లో ఆంధ్రప్రదేశమునను, 2025లో తెలంగాణమునను బకాయిలు రాలేదని ప్రైవేటు ఆసుపత్రులవారు సేవలు నిలిపివేయుట పత్రికలలో చదివితిమి. ఆ దినములలో కార్డు చేతబట్టుకొని గుమ్మమున నిలిచినవానికి 25 లక్షల మాట యేమి వినోదము!

ఇక పర్యవేక్షణ. కోతకు ఇంత యని వెల కట్టి, కోసినవానికి సొమ్మిచ్చు పద్ధతియందు కోతలు పెరుగుట వింత కాదు. ఆరోగ్యశ్రీ తొలి సంవత్సరములలో మన పల్లెలలో ముప్పది యేండ్లైనను దాటని స్త్రీలకు, మందుతో మానదగిన బాధలకు సైతము గర్భాశయములు తీసివేసిరని గొప్ప అలజడి రేగినది. స్త్రీలకై పనిచేయు సంఘములవారు ఊరూర తిరిగి ఆ సంగతి బయటపెట్టిరి. తుదకు ప్రభుత్వము ఆ శస్త్రచికిత్సను ప్రభుత్వాసుపత్రులకు పరిమితము చేసినది. చదువరులీ సంగతిని కొంచెము నిలిచి ఆలోచింపవలెను. ఎవరి చేతులలో పెట్టిన అక్రమ మాగునని ప్రభుత్వమే తలచినది? మనము మూతి విరుచుకొను ఆ ధర్మాసుపత్రుల చేతులలోనే! అక్కడి డాక్టరు దేవుడని కాదు. ఒక కోత తగ్గినందున ఆతని జీతము తగ్గదు, అంతియే.

లెక్కల తనిఖీ లేదా యందురు. కలదు. 2018లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన ఆయుష్మాన్ భారత్ పథకమును కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ పరీక్షించి 2023లో నివేదిక పార్లమెంటు ముందుంచినప్పుడు, సుమారు 7.5 లక్షలమంది లబ్ధిదారుల పేర్లకు ఎదురుగా ఒక్కటే ఫోనునంబరు కనబడినదట: 9999999999. అంకెలలో ఇంతటి సామ్యవాద మెక్కడను చూడము. నంబరు తప్పనిసరి కాదని అధికారులు సమాధానము చెప్పిరి. కావచ్చును. కాని "నీ పేర చికిత్స జరిగినది, నిజమేనా?" యని ఆ మనుష్యు నడుగుటకు ఏ నంబరునకు ఫోను చేయుదురు? ఐదేండ్ల తరువాత వచ్చు లెక్క చరిత్రకారునకు పనికివచ్చునేమో గాని రోగికి పనికిరాదు.

మరియొక విధమైన పర్యవేక్షణ కూడ కలదు. ఇది మనకందరకును పరిచితము. మంత్రిగారు ఆకస్మిక తనిఖీకి వత్తురు. ఆకస్మికమే యైనను కెమెరాలు ముందే వచ్చియుండును. మరుగుదొడ్డి ముందు నిలిచి ముక్కు మూసికొందురు, మందులగదిలో సీసా యెత్తి తేదీ చదువుదురు, రాత్రంతయు మేలుకొని కన్నులెఱ్ఱబడిన చిన్న డాక్టరునో నర్సునో పదిమంది యెదుట గద్దింతురు. సాయంకాలమునకు సస్పెండు ఉత్తరువు. మనము టెలివిజను ముందు కూర్చుండి భేషని తల యూపుదుము. ఆ ఖాళీ పోస్టును మూడేండ్లుగా నింపనివారెవరు? ఊడ్చువారి కాంట్రాక్టు బిల్లును నెలలతరబడి త్రొక్కిపెట్టినదెవరు? ఆ ప్రశ్నను కెమెరావాడును అడుగడు. దీనిని నేను పర్యవేక్షణ యనను, వీథినాటకమందును. అందులో పెద్ద వేషమునకు శిక్ష లేదు.

మరి నిజమైన పర్యవేక్షణ యెట్టిది? ఆశ్చర్యమేమనగా అది మన రాష్ట్రమే దేశమునకు నేర్పినది. ఉపాధిహామీ పనులకు 2006 నుండి అవిభక్త ఆంధ్రప్రదేశమున సామాజిక తనిఖీ జరిపించిరి. 2009లో అందుకై ప్రత్యేక సంస్థను నెలకొల్పిరి. ఊరి చదువుకొన్న పిల్లలే ఇంటింటికి పోయి, "నీ పేర ఇన్నిదినముల కూలి వ్రాసియున్నది, నీకు ముట్టినదా?" యని యడిగి, ఆ సంగతిని నలుగురి యెదుట బిగ్గరగా చదివిరి. తినినవారిలో కొందరు సిగ్గుపడి అక్కడికక్కడనే సొమ్ము త్రిప్పియిచ్చిరి. మట్టి తవ్విన లెక్కను ఊరినడుమ చదువవచ్చునట! మందు ఎన్ని మాత్రలు వచ్చినది, ఎన్ని యిచ్చితిమి, ఎన్ని దినములు లేదు, డాక్టరు పోస్టు లెన్ని ఖాళీ, ఆరోగ్యశ్రీక్రింద ఈ యూరివారికి ఎవరికేమి కోసిరని వ్రాసికొనిరి, ఇవి మాత్రము చదువరాదా? రోగుల రహస్యములు బయటపడునందురు. రోగి పేరు చదువుమని నేనడుగలేదు. రోగి నడిగి, మాత్రల లెక్క చదువుమంటిని.

పొరుగున తమిళనాడువారు 1994లోనే మందులు కొనుటకు వేరొక కార్పొరేషను స్థాపించి, జిల్లా జిల్లాకు గిడ్డంగి పెట్టి, ఆసుపత్రి కొక పాసుపుస్తకమిచ్చి, పరీక్షకు నిలిచిన మందునే బయటికి వదలు నేర్పాటు చేసిరి. తరువాత పెక్కు రాష్ట్రములు ఆ దారి త్రొక్కినవి. మనకును అట్టి సంస్థలు రెండు రాష్ట్రములందును కలవు. సంస్థలు లేవని కాదు, వానిని ఎవ్వరు నడుగుటలేదని నా దుఃఖము.

అడుగవలసినవారు వెడలిపోయిరి. ఇదే నేను నిష్ఠూరమైనను చెప్పదలచినది. మన తాతలకాలమున విశాఖపట్టణపు కింగ్ జార్జి ఆసుపత్రిలో వకీలుగారి భార్యయు కూలివాని భార్యయు ఒక్క డాక్టరు చేతి మందే పుచ్చుకొనిరి. వకీలుగారి కంఠమునకు భయపడి వార్డు ఊడ్చెడివారు. ఆ శుభ్రత కూలివాని భార్యకును దక్కెడిది. నేడు వకీలుగారు బీమాకార్డుతో అద్దాల ఆసుపత్రికి పోయిరి. కంఠము వారితో పోయినది. హైదరాబాదున మూసీయొడ్డున నిజాముగారి కాలమున లేచిన ఉస్మానియా ఆసుపత్రి పాతకట్టడము శిథిలమగుచున్నదని సంవత్సరములపర్యంతము కమిటీలు చెప్పుచునేయుండగా, 2020 జులైలో వాననీరు వార్డులలోనికి వచ్చి మంచములక్రింద పారినది. ఆ పిమ్మట గాని ఆ కట్టడమును ఖాళీచేయలేదు. మన బంధువు లక్కడ పండుకొనియుండినచో మోకాలిలోతు నీరు వచ్చువర కూరకుందుమా? అదే సంవత్సరమున కరోనా వచ్చినప్పుడు సికిందరాబాదు గాంధీ ఆసుపత్రిలో మంచముకొరకు సిఫారసు వెదకిన గొప్పవారిని మనమెరుగుదుము. వ్యాధి తగ్గినది, సిఫారసుల వారు మరల కనబడలేదు.

ధనము మాట యొకటి మిగిలినది. 2017 జాతీయ ఆరోగ్యవిధానమున, 2025 నాటికి ప్రభుత్వములు దేశపు స్థూలోత్పత్తిలో 2.5 శాతమును ఆరోగ్యమునకు వెచ్చింపవలెనని వ్రాసికొనిరి. 2021–22 నాటికి అది 1.84 శాతము. కరోనా యేటి ఖర్చు కలిసియు అంతియే! 2025 గడచిపోయినది. గడువు తప్పిన బాకీదారుని బ్యాంకువా రేమి చేయుదురో మనకు తెలియును.

మా పనియామె చీటి సంగతి చెప్పి ముగించెదను. ఆ రెండు మందులను గూర్చి నేను సమాచారహక్కు చట్టముక్రింద పదిరూపాయలు కట్టి, తెల్లకాగితముపై మూడు ప్రశ్నలు వ్రాసి పంపితిని. ముప్పది దినముల గడువు దాటిన తరువాత ఒక జ్ఞాపిక వ్రాయగా జాబు వచ్చినది. ఒక మందు జిల్లా గిడ్డంగికే రాలేదట. రెండవది సంక్రాంతినుండియు గిడ్డంగిలో నిలువ యున్నదట. ఆ యాసుపత్రినుండి ఇండెంటు రాలేదు గనుక పంపలేదట. ఆ జాబును ఆమెకు చదివి వినిపించితిని. ఆమె కొంతసేపు మాటలాడలేదు. తరువాత, "అక్కడే ఉందా అమ్మా, అన్ని నెలలూ?" అని యడిగి, ఆ కాగితమును తన కిమ్మన్నది. వచ్చు బుధవారము ఆసుపత్రికి పోవునప్పుడు వెంట తీసికొనిపోవునట.