జెల్ ముద్ద కట్టింది – మందు పాడైనట్టేనా?

మైపాడు దగ్గరి పల్లె నుంచి ఒక గృహిణి ఇలా రాశారు: "మా వారికి షుగరు వ్యాధి. కాలి పుండుకు డాక్టరుగారు ఒక జెల్ రాసిచ్చారు. ఫ్రిజ్‌లో ఉన్నంతసేపూ నీళ్ళలా ఉంటుంది, బయట పెడితే కాసేపటికి ముద్ద కడుతోంది. పాడైపోయింది, పారెయ్యమంటున్నారు మా అత్తగారు. మొన్న కరెంటు లేని రెండు రోజులూ ఇన్సులిన్ సీసా వంటింటి కిటికీలో ఎండ తగిలేచోట ఉండిపోయింది. చూడటానికి తేటగానే ఉంది గనుక అదే వాడుతున్నాము."

అమ్మా, ఆ రెండింటిలో పారవేయవలసింది ఇన్సులిన్‌ను. జెల్‌ను కాదు.

మన వంటింట్లో చైనాగ్రాస్ కాచి చల్లారిస్తే గడ్డకడుతుంది. మళ్ళీ కరగాలంటే సుమారు 85 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావాలి. జెలటిన్ అయితే మన మే నెల ఎండకే కరిగిపోతుంది. (ప్రయోగశాలల్లో సూక్ష్మజీవులను పెంచడానికి జెలటిన్ బదులు చైనాగ్రాస్ వాడమని 1881లో సూచించినది జర్మనీలో ఒక శాస్త్రజ్ఞుని భార్య, ఫానీ హెస్. ఆ సంగతి ఆమెకు వంటింట్లోనే తెలిసింది!) మీ జెల్ బహుశా దీనికి తలక్రిందుల జాతి. పోలాక్సమర్ అనే పదార్థంతో చేసిన జెల్‌లో అణువులు చల్లగా ఉన్నప్పుడు నీటితో కలిసిమెలిసి ఉంటాయి. వేడి తగిలితే వాటి నడిమి భాగం నీటికి ఎడంగా జరిగి, అణువులన్నీ చిన్న చిన్న ఉండలుగా చేరతాయి. ఆ ఉండలు ఇరుకుగా పేరుకుంటే జెల్ అవుతుంది. నూటికి ఇరవై పాళ్ళు పోలాక్సమర్ ఉంటే గది వేడికే గట్టిపడుతుంది. తిరిగి చల్లబరిస్తే మళ్ళీ పలచబడుతుంది. పుండు మీద పోయగానే అంటుకుని నిలవాలనే అలా తయారుచేస్తారు. మూత తీసి ఉంచితే నీరు ఆరిపోయి ఫ్రిజ్‌లోనే గట్టిపడవచ్చు. అయితే జెల్‌లన్నీ ఇటువంటివి కావు. నీరు విడిపోయినా, రంగు, వాసన మారినా వాడకండి. మీ డబ్బా మీది చీటీని మందులషాపులో ఒకసారి చదివించుకోండి.

ఇన్సులిన్ సంగతి వేరు. అది ప్రోటీను. ఎండకు బలం తగ్గినా చాలాసార్లు చూపుకు తేటగానే ఉంటుంది. తెరవని సీసాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. వాడుతున్నదైతే 30 డిగ్రీలు దాటని చోట సుమారు నాలుగు వారాలు నిలుస్తుంది. మంచుగడ్డల అరలో పెట్టి గడ్డకట్టించినది పనికిరాదు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటినటువంటి తుఫాను వస్తే కరెంటు ఎప్పటికి వస్తుందో చెప్పలేము గనుక, నీళ్ళు పోసిన మట్టికుండలో చిన్న గిన్నె నిలిపి, సీసాను తడవకుండా అందులో ఉంచండి. పడమటి గాలి వీచే పొడి రోజుల్లో కుండ బాగా చల్లబడుతుంది. సముద్రపు గాలి తేమలో అంతగా పనిచేయదు.

ఈ రోజే కొత్త సీసా తెచ్చుకోండి. ఈలోగా షుగరు తగ్గడం లేదని మోతాదు పెంచి ఉంటే తప్పక డాక్టరుగారికి చెప్పండి. పాత సీసాకు పెంచిన మోతాదునే కొత్తదానితో ఇస్తే షుగరు ఒక్కసారిగా పడిపోయి మనిషి స్పృహ తప్పవచ్చు. పుండు చుట్టూ ఎరుపు పాకినా, దుర్వాసన వచ్చినా, వేలు నల్లబడినా, జ్వరం తగిలినా జెల్‌తో కాలక్షేపం చేయక ఆ రోజే ఆసుపత్రికి తీసుకురండి.