సాక్ష్యానికి వేళ లేదా?

చాలా రోజుల విరామం తరువాత ఈ టపా వ్రాస్తున్నాను. ఛందస్సు గురించో, నల్లగొండ మాండలికపు పదాల గురించో వ్రాస్తానని ఎదురుచూస్తున్నవారు మన్నించాలి. ఈసారి విషయం నేను పుట్టి పెరిగిన క్రైస్తవ సంఘ జీవితానికి సంబంధించినది. అయినా ఇందులో ఒక పదచర్చ ఉన్నది కనుక అన్య మతస్థులైన మిత్రులు కూడా చివరిదాకా చదువుతారని ఆశ.

ఇటీవల ఒక ఆదివారం మా జిల్లాలోని ఒక పట్టణంలో ఆరాధనకు వెళ్లాను. అక్కడ పాటలయ్యాక, ప్రసంగానికి ముందు, అరగంట సేపు సాక్ష్యాలు చెప్పుకోవడం ఏనాటి నుండో వస్తున్న ఆచారం. ఆ రోజు సంఘపెద్ద ఒకరు లేచి, "ఈ దినం సాక్ష్యాలకు సమయం లేదు, ప్రవచనం ఉంది" అని ప్రకటించారు. దూరం నుండి వచ్చిన ఒక ప్రవక్తగారు గంటకు పైగా మాట్లాడారు. ఫలానా వారికి వీసా వస్తుందన్నారు, ఫలానా వారి కోర్టు వ్యవహారం మూడు నెలల్లో తేలుతుందన్నారు. జనం పరవశించారు. నాకు మాత్రం పెద్దగారి వాక్యం దగ్గరే మనస్సు ఆగిపోయింది. సాక్ష్యం లేదు, ప్రవచనం ఉంది! ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు తెలుగు చెప్పినవాణ్ణి. ఒక వాక్యంలో రెండు పదాలను ఎదురెదురుగా నిలబెట్టితే అవి నిజంగా విరుద్ధార్థకాలేనా అని చూడడం నాకు అలవాటు. ఇవి విరుద్ధాలు కావు సరికదా, చాలావరకు ఒకటే అని నా అభిప్రాయం.

ముందుగా పదాల సంగతి. 'సాక్షి' అంటే సాక్షాత్తుగా, కన్నులారా చూచినవాడని పాణిని నాటి నుండి ఉన్న అర్థం. 'ప్రవచనం' అంటే సంస్కృతంలో విడమరిచి చెప్పడం, బోధించడం. నేటికీ గుడిలో పురాణ ప్రవచనం అంటే వ్యాఖ్యానమనే మన అందరికీ తెలుసు, అందులో జోస్యం లేదు. క్రైస్తవులు ఈ పదాన్ని గ్రీకు బైబిలులోని మాటకు అనువాదంగా తీసుకున్నారు. ఆ గ్రీకు మాట 'ప్రొఫేటేస్' కూడా ప్రధానంగా ఒకరి పక్షాన నిలిచి పలికేవాడినే సూచిస్తుంది. రానున్నది చెప్పడం అందులో ఒక భాగమే. ఇక సాక్షికి గ్రీకులో ఉన్న 'మార్టుస్' అనే పదమే కాలక్రమాన సత్యం పలికినందుకు ప్రాణమిచ్చిన హతసాక్షికి పేరైంది. అంటే ఒకరు చూచినది చెప్పేవారు, మరొకరు చెప్పవలసినది చెప్పేవారు. చూచినది చెప్పడమే చెప్పవలసిన పని అయినప్పుడు ఇద్దరూ ఒక్కరే.

మరి మన ఊళ్లలో ప్రవక్త అనగానే భవిష్యత్తు చెప్పేవాడని ఎందుకు స్థిరపడింది? దానికి మన నేల కారణం కొంత ఉన్నది. వీరబ్రహ్మంగారి కాలజ్ఞానం విని పెరిగినవాళ్లం. సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి బోనాలలో పచ్చికుండపై నిలిచి రంగంలో పలికే భవిష్యవాణి కోసం ఏటేటా చెవులు రిక్కించే జనం మనం. ఎరుక చెప్పించుకోని ఇల్లు, సోది అడగని వాడ మా చిన్ననాట లేదు. ఆ సంప్రదాయాలను నేను తక్కువ చేయడం లేదు. వాటి అర్థం వాటికున్నది. కాని బైబిలులోని ప్రవక్త పదాన్ని ఆ అచ్చులోనే పోసుకోవడం వల్ల ఒక నష్టం జరిగింది. పామరుడు చెప్పే సాక్ష్యం చిన్నదైపోయింది, పేరున్నవాడు చెప్పే జోస్యం పెద్దదైపోయింది.

లేఖనాలేమంటున్నాయో చూద్దాం. ఎల్దాదు, మేదాదు అనే ఇద్దరు గుడారం దగ్గరికి రాకుండా పాళెంలోనే ప్రవచిస్తున్నారని యెహోషువ ఫిర్యాదు చేస్తే, మోషే వారిని ఆపలేదు. ప్రజలందరూ ప్రవక్తలైతే ఎంత బాగుండునని కోరుకున్నాడు. యోవేలు ఆ కోరికనే వాగ్దానంగా చెప్పాడు. కొడుకులు, కూతుళ్లు, ముసలివారు, దాసదాసీలు అందరూ అందులో ఉన్నారు. పెంతెకొస్తు నాడు పేతురు ఆ యోవేలు మాటలను ఎత్తి చెప్పి, అదే ప్రసంగంలో తామందరూ సాక్షులమని ముగింపునకు వచ్చాడు. ప్రవచన వాగ్దానం నెరవేరిన రోజున అక్కడ వినబడినది జాలరుల సాక్ష్యం! పౌలు కొరింథు సంఘానికి వ్రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయంలో ప్రవచనం చేయవలసిన పనులు మూడు చెప్పాడు: కట్టడం, హెచ్చరించడం, ఓదార్చడం. అక్కడ వీసా మాట లేదు. ప్రకటన గ్రంథం 19వ అధ్యాయం 10వ వచనం యేసు సాక్ష్యాన్ని ప్రవచనానికి సారంగా చెబుతుంది. అది యేసును గురించి మనం చెప్పే సాక్ష్యమా, యేసు తానే చెప్పిన సాక్ష్యమా అని పండితులు చర్చిస్తారు. ఏ అర్థం తీసుకున్నా రెండు పదాల ముడి మాత్రం విడిపోదు.

మా ప్రాంత చరిత్ర కూడా నా పక్షానే ఉన్నది. రష్యా దేశపు మెన్నొనైట్ బ్రదరెన్ సంఘాల నుండి అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు 1889లో భారతదేశానికి వచ్చి, అమెరికన్ బాప్తిస్టు మిషనుతో కలిసి నల్లగొండ కేంద్రంగా పనిచేశారు. అమెరికా మెన్నొనైట్ బ్రదరెన్ మిషనరీలు 1899లో వచ్చారు. తరువాత నాగర్‌కర్నూలు, వనపర్తి, దేవరకొండ, కల్వకుర్తి, మహబూబ్‌నగర్, గద్వాల వీరి కేంద్రాలయ్యాయి. జడ్చర్లలో ఆసుపత్రి వెలిసింది. కాని ఒక దొర గుర్రం మీదో బండి మీదో ఎన్ని పల్లెలు తిరగగలడు? నైజాం ఇలాకాలోని మాదిగవాడలకు, మాలవాడలకు ఆ వార్తను మోసింది చుట్టరికం. మేనమామ ఇంటికి వెళ్లినవాడు, పెండ్లికి వచ్చిన వియ్యంకుడు, ఇల్లిల్లూ తిరిగిన బైబిలు స్త్రీ తమకు జరిగినది చెప్పుకున్నారు. ఒంగోలు వైపు కూడా ఇదే జరిగింది. తలకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం మీద తిరిగిన మాదిగ. 1866లో బాప్తిస్మం పొందాక తన వాళ్లకు తన కథే చెప్పుకుంటూ తిరిగాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారంటే, దాని వెనుక క్లౌ దొర పేరుతో పాటు పేరయ్య వంటివారి నాలుక ఉన్నది.

అక్షరం నేర్చుకునే హక్కు లేని మనిషి, ఊరి నడుమ గొంతెత్తే హక్కు లేని మనిషి, పదిమంది ఎదుట నిలబడి "నాకు జరిగింది చెప్తా వినుండ్రి" అనడం ఆనాడు మామూలు సంగతి కాదు. నా చిన్నతనంలో మా వాడలో బాప్తిస్మానికి ముందు ప్రతివారూ సంఘం ఎదుట సాక్ష్యం చెప్పవలసిందే. మా నాయనమ్మకు సంతకం రాదు. కాని ఆమె సాక్ష్యం చెబుతుంటే పట్వారీ ఇంటి పాలేరు కూడా గడప దగ్గర ఆగి వినేవాడు.

ఇక ఈ టపా వ్రాయడానికి అసలు కారణమైన సంగతి చెబుతాను. 1980ల చివర నేను మర్రిగూడ వైపు ఒక ఉన్నత పాఠశాలలో పనిచేసేవాణ్ణి. ఆ ప్రాంతపు నీటిలో ఫ్లోరైడు సంగతి తెలుగువారందరికీ తెలుసు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగరాదని ప్రమాణం. నల్లరాతి నేల నుండి ఊరే నీటిలో అది అంతకు ఎన్నో రెట్లు ఉండేది. పండ్లు గారపట్టేవి, కీళ్లు బిగిసేవి, వెన్ను వంగిపోయేది. పటిక, సున్నంతో ఫ్లోరైడు తీసే పద్ధతికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరే 'నల్లగొండ టెక్నిక్'. మా జిల్లా పేరు లోకానికెక్కిన తీరు అది.

అక్కడి పల్లెలో ఒక రాత్రి గృహకూటం జరిగింది. బయటి నుండి వచ్చిన బోధకుడొకరు నడుము వంగిన ఒక నలభై ఏళ్ల మనిషిని ముందుకు పిలిచి, దాచిన పాపమేదో నీలో ఉన్నది, ఒప్పుకుంటే ఈ రాత్రే లేచి నిలబడతావని పలికాడు. ఆ మనిషి కర్ర ఆనించుకొని కాసేపు మౌనంగా ఉన్నాడు. తరువాత జనం వైపు తిరిగి అన్న మాటలు నాకు ఇప్పటికీ గుర్తు.

"అయ్యగారు నాది పాపమన్నరు. పాపినే, కాదన. గని మన బడికి పోయే పోరగాండ్ల పండ్లు సూడుండ్రి, ఎట్ల గారపట్టినయో. ఆళ్లేం పాపం జేసిండ్రు? ఈ రోగం మన బాయినీళ్లల్ల ఉన్నది. దేవుడు నా నడుము సక్కగ జెయ్యలే. గని నా పక్కపొంటి తను గూడ వంగి నడుస్తుండు. గందుకే నేను ఇంక బతికున్న."

ఎవరూ మాట్లాడలేదు. ఒక మూల నుండి ఒక తల్లి ఏడుపు వినిపించింది. మరునాడు ఆమె తన కొడుకును బడికి తీసుకొచ్చి, "సారూ, మా తప్పేం లేదంట గదా" అని అడిగింది. ఆమె అడిగిన తీరుకు నాకు నోట మాట రాలేదు. ఎన్నేళ్లుగా ఆమె ఆ బరువు మోస్తున్నదో!

మిత్రులారా, ఆ రాత్రి ఆ ఇంట్లో ఇద్దరు మాట్లాడారు. వారిలో ప్రవక్త ఎవరు? పుట్టుగుడ్డివాడిని చూచి ఇది ఎవరి పాపమని శిష్యులు అడిగితే యేసు ఆ ప్రశ్ననే త్రోసిపుచ్చాడని యోహాను సువార్త 9వ అధ్యాయంలో ఉన్నది. చూపు వచ్చినవాడు పెద్దల ఎదుట తనకు తెలిసిన ఒక్క సంగతిని పట్టుకొని నిలబడ్డాడు. మా పల్లె మనిషికి ఆ చూపు వంటి స్వస్థత రాలేదు. అయినా పౌలు చెప్పిన మూడు పనులూ ఆయన మాటలు చేశాయి. వాడను కట్టాయి, నీటి గురించి హెచ్చరించాయి, తల్లిని ఓదార్చాయి. ఇంతకంటే ప్రవచనం ఏమున్నది?

తరువాతి కాలంలో అటువంటి సాక్ష్యాలే ఊళ్లు దాటి బజారుకెక్కాయి. 1996 లోక్‌సభ ఎన్నికలలో నల్లగొండ స్థానానికి 480 మంది అభ్యర్థులు నిలిచారు. నీళ్ల గోడును దేశానికి వినిపించడానికి జలసాధన సమితి ఎంచుకున్న మార్గమది. 2003లో శివన్నగూడేనికి చెందిన ఫ్లోరోసిస్ బాధితుడు అంశల స్వామిని ప్రధాని వాజ్‌పేయి ముందు బల్లమీద పడుకోబెట్టి చూపించారు. ఆయన 2022లో కన్నుమూశారు. అది మతకార్యం కాదు, నేను దానికి మతం రంగు పూయను. కాని వంగిన దేహాన్ని అధికారం కళ్లముందు ఉంచి 'ఇదిగో చూడండి' అనడంలోని బలం సాక్ష్యపు బలమే. కృష్ణా నీళ్లు ఆ ఊళ్లకు చేరడం వెనుక అటువంటి నోళ్లు ఎన్నో ఉన్నాయి.

నా వాదానికి ఆక్షేపణలు లేకపోలేదు. సాక్ష్యం పేరుతో గొప్పలు చెప్పుకునేవారు లేరా అంటారు. ఉన్నారు. పూర్వజీవితపు పాపాలను ఏటేటా పెంచి చెప్పేవారిని, కొన్న కారునూ కట్టిన మేడనూ దైవకృపకు రశీదులుగా చూపేవారిని నేనూ విన్నాను. అందుకే పౌలు ప్రవచనాన్ని వినేవారు వివేచించాలన్నాడు. సాక్ష్యానికీ అదే నియమం పెడదాం. చెప్పినవాడు తాను చూచినదే చెప్పాడా? జరగనిదాన్ని కూడా జరగలేదని ఒప్పుకున్నాడా? విన్న బీదవాడికి ధైర్యం కలిగిందా, సిగ్గు కలిగిందా? ఈ మూడు ప్రశ్నలు చాలు. ఇక్కడ ఒక సౌకర్యం కూడా ఉన్నది. సాక్ష్యం చెప్పినవాడు మన వాడలోనే ఉంటాడు, అబద్ధమైతే పొరుగువాడికి తెలిసిపోతుంది. జోస్యం చెప్పినవాడు సాయంత్రం బస్సెక్కి వెళ్లిపోతాడు. రెండేళ్లలో అంతా చక్కబడుతుందని హనన్యా పలికినప్పుడు కూడా జనం సంతోషించే ఉంటారు. కష్టం చెప్పిన యిర్మీయాయే నిజమైనాడు.

మరొక ఆక్షేపణ, ప్రవచనం ప్రత్యేక వరం కదా, దాన్ని అందరికీ పంచితే పలుచబడదా అని. ప్రత్యేక వరం ఉన్నవారు ఉండవచ్చు, నేను కాదనను. కాని అన్నం రోజూ వండుతారు, పిండివంట పండుగకు చేస్తారు. పిండివంట కోసం అన్నం కుండ దించేసే ఇల్లు ఎన్నాళ్లు నిలుస్తుంది?

ఆ ఆదివారం ఆరాధన ముగిశాక వేపచెట్టు క్రింద ఒక ముసలమ్మ కూర్చుని ఉన్నది. సాక్ష్యం చెబుదామని పాలమూరు వైపు పల్లె నుండి రెండు బస్సులు మారి వచ్చిందట. నేను పక్కన కూర్చుని, "నాకు చెప్పరాదా అక్కా" అన్నాను. మొదట సందేహించింది. తరువాత చెప్పింది. పెనిమిటితో కలిసి బొంబాయి దాకా మట్టిపనికి పోయిందట. ఆయన అక్కడే పోయాడు. ఉన్న ఒక్క కొడుకు తాగుడుకు బానిస.

"వాడు మానలే సారూ. మానిండని చెప్తే అందరు చప్పట్లు కొడ్తరు, గని అబద్ధం ఎట్ల చెప్త? వాడు రాత్రి ఎప్పుడొచ్చినా తలుపు తీస్తున్న. తిట్టకుండ అన్నం పెడ్తున్న. ఇది నా బలం కాదు. గిదే చెప్దామని వచ్చిన."

ఆమెను బస్టాండు దాకా దిగబెట్టి వచ్చాను. వచ్చే ఆదివారం నుండి ఆ అరగంటను తిరిగి ఇవ్వమని సంఘపెద్దలకు ఉత్తరం వ్రాశాను. ఇంకా జవాబు రాలేదు. వస్తే ఇక్కడే తెలియజేస్తాను. మీ మీ ఊళ్ల అనుభవాలు, అభ్యంతరాలు వ్యాఖ్యలలో వ్రాయగలరు.