జపమాలకు చోటు

గత మాసమున ఇత్తడి కుందులను తోముటను గూర్చి మేము వ్రాసినది చదివి, పూజామందిరములోని తక్కిన వస్తువులను గూర్చియు వ్రాయుమని కొందఱు సోదరీమణులు కోరియున్నారు. అందు పెక్కుమంది అడిగినది జపమాలను గూర్చి. దాని నెక్కడ నుంచవలయును, కడుగవచ్చునా, తెగినచో నేమి చేయవలయును అని వారి ప్రశ్నలు. ఈ ప్రశ్నలకు మేము పండితులమై బదులు చెప్పుట లేదు. ఒక మాలను చేతులార పాడుచేసికొని, ఆ పిమ్మట నేర్చినవారమై చెప్పుచున్నాము.

మా అత్తగారికి పంచముఖి రుద్రాక్షల మాల యొకటి యుండెను. వారు ప్రతిసాయంకాలమును జపము ముగించి, చీరకొంగుతో పూసలను మెల్లగా ఒత్తి, వెదురుపెట్టెలో నుంచెడివారు. 2015వ సంవత్సరపు గోదావరి పుష్కరములకు పోయినప్పుడును గోముఖిలోని ఆ మాల వారి చేతిని విడువలేదు. వారు గతించిన తరువాత, ఆ మాలయెడ మాకు గల భక్తి యంతయు దానిని దాచుటయందు చూపితిమి. పట్టుగుడ్డలో చుట్టి, కుంకుమపొట్లముతో కూడ ప్లాస్టిక్కు సంచిలో పెట్టి, మూతి బిగించి, ఇనుపపెట్టెలో అడుగున నుంచి, ఆ పెట్టెను అటుక యెక్కించితిమి. ఇంతకంటె భద్రమైన చోటు వేరేమి యుండునని మా తలంపు. మూడు వర్షకాలములు గడచినవి.

ఆబ్దికమునకు మా పెద్దవదినగారు వచ్చి, అమ్మ మాలను ఒక్కమాఱు కన్నులకద్దుకొందునని యడిగిరి. పెట్టె తెఱవగానే బూజువాసన కొట్టెను. కుంకుమ చెమ్మగిలి పట్టుగుడ్డ యంతయు ఎఱ్ఱడాగులు. మాలను చేతికి తీయబోగా చివికిన దారము పలుచోటుల తెగి, పూసలు ఒడిలో రాలినవి. కొన్నిటిపై తెల్లని బూజు. కొన్నిటికి గుండుసూది మొనయంత రంధ్రములు, వానినుండి రాలు సన్నని పొడి. మేరువుతో కూడ 109 పూసలలో 20 పుచ్చిపోయినవి.

వదినగారు కన్నీరు పెట్టుకొని, "ఇక దీనిని ఇంట నుంచవలదు, అమ్మాయీ. గోదావరిలో కలిపివేయుము" అనిరి. తెగిన మాల ఇంటనున్న అరిష్టమని వారి భయము. వాదించుటకు మాకు నోరు రాలేదు; తప్పు మాదే గదా! అప్పుడు మావారు, "అక్కయ్యా, అమ్మ అన్నమాట మఱచితివా?" అనిరి. అత్తగారు జీవించియున్న కాలమున ఎవరో చుట్టములు, ఈ మాల మీ తరువాత కొడుకుదా, కూతురుదా అని యడుగగా, వారు నవ్వి, "చేతబట్టినవారిది" అనిరట. వదినగారు కొంతసేపు మాటాడలేదు. పిదప చాపపై కూర్చుండి మంచిపూసలను ఏఱనారంభించిరి.

రుద్రాక్ష రాయి కాదు. ఒక చెట్టు పండులోని టెంక. నేపాళమునందును, హిమాలయముల దిగువకొండలయందును, జావాద్వీపమునందును ఆ చెట్లు పెరుగును. పండు పండినప్పుడు చక్కని నీలముగా నుండును. ఆ నీలిమ రంగుద్రవ్యము వలనిది కాదనియు, నెమలిపింఛమునందలి నీలమువలె తొక్కలోని సూక్ష్మమైన కట్టుబడి వెలుగును త్రిప్పికొట్టుటచే కలుగుచున్నదనియు 1991లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. శివుని కన్నీటిచుక్కలనుండి ఈ చెట్టు పుట్టినదని దేవీభాగవతము ఏకాదశస్కంధమున చెప్పబడినది. పుట్టుక యెంత గొప్పదైనను టెంక కొయ్యతో సమానమే. చెమ్మ తగిలిన నుబ్బును. మిక్కిలి యెండిన పగులును. గాలి యాడనిచో బూజు పట్టును. ప్లాస్టిక్కు సంచి లోనిచెమ్మను బయటికి పోనీయదు. అత్తగారి వ్రేళ్ల చమురును, కొంగు ఒత్తిడియు ఇన్నేండ్లు ఆ పూసలను కాపాడినవి. మేము ఆ రెంటిని మాన్పించి, బదులుగా చీకటిని, ఉక్కను ఇచ్చితిమి.

ఇక బాగుచేసిన విధము. బూజు పట్టిన పూసలను మెత్తని కుంచెతో పొడిగా దులిపితిమి. (పండ్లు తోముకొను బ్రష్షు బాగుగ పనిచేయును. క్రొత్తదే సుమా, ఎంగిలిది కాదు.) పిమ్మట గోరువెచ్చని నీటిలో ముంచి, ముఖముల గాడులను మరల కుంచెతో రుద్ది, వెంటనే గుడ్డతో ఒత్తితిమి. సబ్బు కూడదు, కుంకుడురసము కూడదు. కుందులకు మేము చెప్పిన చింతపండును ఎవరును ఇచ్చటికి తేకుందురుగాక. రెండుదినములు నీడను ఆరబెట్టితిమి. తొందరపడి యెండలో పెట్టిన పగులును. ఆరిన తరువాత వ్రేలికొన తడియునంత నువ్వులనూనె రాచి పొడిగుడ్డతో తుడిచితిమి. నూనె హెచ్చైనచో దుమ్ము నంటుకొని గాడులలో జిడ్డు కట్టును.

మాలకు పాలతోను, పంచామృతముతోను అభిషేకము చేయువారున్నారు. చేయవలదని మేమనము. కాని గాడులలో పాలు నిలిచి పులియును, చీమలు పట్టును. అభిషేకమైన వెంటనే శుద్ధజలముతో కడిగి ఆరబెట్టుటయు ఆ పూజలో భాగమే యనుకొనవలయును.

కడుగుచుండగా నాలుగు పూసలు నీటిపై తేలినవి. తేలినవి దొంగపూసలని వాడుక యుండుటచే వదినగారు బెదరిరి. ఈ పరీక్షను నమ్మరాదు. ఎండి తేలికపడిన మంచిపూసయు తేలవచ్చును. బరువైన కొయ్యతో చెక్కిన దొంగపూసయు మునుగవచ్చును. అత్తగారు ఇన్నేండ్లు త్రిప్పిన పూసలను ఇప్పుడు చెంబెడు నీటిచేత పరీక్షింపించుట మాకు నచ్చలేదు.

మిగిలినవి 89. నూటయెనిమిదికి చాలవు. వెలితికి క్రొత్తవి కొనుటకు వదినగారికి మనసొప్పలేదు. ఇరువదియేడు నక్షత్రములకు నాలుగేసి పాదముల చొప్పున 108 అగునని లెక్కచెప్పువారు కలరు. కాబట్టి 54 పూసల మాలను రెండుమాఱులు త్రిప్పినను, 27 పూసల మాలను నాలుగుమాఱులు త్రిప్పినను సంఖ్య సరిపోవును. మేరువును దాటక వెనుకకు మరలవలయు ననుట అందఱెఱిగినదే. అట్లు రెండుమాలలకును మేరువులతో కూడ 83 పూసలు పోయినవి, ఆఱు మిగిలినవి. పెద్దమాల వదినగారికి, చిన్నది మాకు. పుచ్చినవానిని పెరటిలోని మారేడుచెట్టు మొదట పాతితిమి.

గ్రుచ్చుటకు నూలును మూడుపేటలు చేసి, దానిని మరల మూడింతలు పేనుట పూర్వాచారము. పట్టుదారమును మంచిదే. నైలాను చివుకదు గాని ముడి జారును. పూసకును పూసకును నడుమ వేయు బ్రహ్మముడి సొగసునకు మాత్రమే కాదు. దానిచేత పూసలు ఒండొంటితో ఒరసికొనవు. దారము ఒకచోట తెగినను అన్నియు చెల్లాచెదరు కావు. చివికిన దారమునకు ముడులేమి చేయగలవు? అందుచేత ఏటేట, శివరాత్రికి ముందో కార్తికమునకు ముందో, దారమును లాగిచూచి మార్చుట మేలు.

తులసిమాల ఎండినకొమ్మతో చేసినది కాబట్టి నానవేయరాదు. స్ఫటికమును నీట కడుగవచ్చును. కాని అది గట్టిది, ప్రక్కనున్న ముత్యములను పగడములను గీయును, దాని రంధ్రపుటంచు దారమును కోయును. దానికి వేఱుసంచి యుండవలయును.

చోటు విషయము. దీపము దాపున నుంచిన మసి పట్టును. కుంకుమభరిణె ప్రక్కనుంచిన పొడి గాడులలో చేరును. మందిరము వంటయింటిలోనే యున్నచో ఆవిరి తగులని మూలను చూడవలయును. మేకునకు తగిలింపరాదని పెద్దలందురు. తగిలించినచోట దారము బరువునకు సాగి నలుగుట మేమును చూచితిమి. మెడను వేసికొను మాలతో జపింపరాదనుటకు చెమటయు ఒక కారణమై యుండును. మా చిన్నమాల యిప్పుడు అత్తగారి వెదురుపెట్టెలోనే, పీటపైన, కూర్చున్నవారి చేతికందునట్లు ఉన్నది.

స్త్రీలు జపమాలను ముట్టరాదని తమ యింట అందురని ఒక సోదరి వ్రాసినది. అక్షమాలికోపనిషత్తు అకారము మొదలు క్షకారము వఱకు గల అక్షరములను మాలలోని పూసలయందు నిలుపును. ఆ అక్షమాలను పుస్తకముతో కూడ చేతదాల్చినది సరస్వతి. ఆ యింటిలో సరస్వతీపూజ జరుగదో, లేక జరిగినను ఎవరును ఆమె చేతులవైపు చూడరో మాకు తెలియదు.

మొన్న వదినగారు ఫోనుచేసి, "దారము సడలినది, అమ్మాయీ, ఒకపూస అంచు కొంచెము విఱిగినది కూడ" అని నొచ్చుకొనిరి. గ్రుచ్చి ఇంకను ఏడాది నిండలేదు. ఎంతగా త్రిప్పుచున్నారో! మిగిలిన ఆఱింటిలో ఒకపూసను, పేనిన దారమును కట్టి రేపు పంపనున్నాము. గోముఖి కుట్టుటకు కొలతలడిగినవారికి వచ్చుసంచికలో వ్రాయుదుము.